మొక్కు దీపంలో మిరపఘాటు

నెయ్యి దీపం వెలిగించగానే ఇంటిల్లిపాదీ ప్రాణభయంతో వీధిలోకి పరుగెత్తడం మీరెక్కడైనా చూశారా? హనుమకొండలో మా అత్తగారింట్లో నేను చూపించాను.

పెళ్లయిన కొత్త. మా ఆడబిడ్డ స్వాతి ఫోన్‌లో ఓ అమెరికా వంటాయన మీగడలో కారం, వెల్లుల్లి పొడి గుమ్మరించి, అందులో మొక్కజొన్న గింజలు ఉడికిస్తున్నాడు. కేజన్ కార్న్ అట.

"జర చెయ్యి వదినా! ఫ్రిజ్‌ల మీగడ ఉన్నది కద."

ఉంది, గిన్నె నిండా. అత్తమ్మ గుడికి పోయింది, అడిగే వీలు లేదు. మసాలా వేసి గట్టిగా గిలకొట్టమన్నాడు వంటాయన. నేను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషిని. కవ్వం తీశాను. కాసేపటికి ఎర్రటి మజ్జిగలో ఎర్రటి వెన్నముద్ద, మిర్చి మార్కెట్‌లో తప్పిపోయిన పిల్లలా బిక్కమొహంతో తేలింది.

అప్పుడు గుర్తొచ్చింది స్వాతికి.

"అయ్యో వదినా! అది అమ్మ మొక్కు మీగడ!"

మామయ్య ఆపరేషన్ గట్టెక్కితే, శుక్రవారం ఇంటి మీగడ నెయ్యితో దీపం పెడతానని అత్తమ్మ మొక్కుకుందట. ఆయన గట్టెక్కారు, మర్నాడే శుక్రవారం!

నా గుండె జారి కవ్వం పక్కన పడింది. గబగబా వెన్న కడిగి, కాచి, వడగట్టి పూజ సీసాలో పోశాను. చూడటానికి బంగారమే. దేవుడికీ ముక్కుంటుందని తోచలేదు.

శుక్రవారం సాయంత్రం పక్కింటి కమలమ్మ కూడా వచ్చింది. అత్తమ్మ వెలిగించిన దీపం చిటపటలాడింది. కమలమ్మ కళ్లు ధారలు కట్టాయి.

"ఏం మహిమ వదినే! కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు!"

అత్తమ్మ వంగి వాసన చూసి అదిరిపడింది. "మహిమ కాదు, ఎల్లిగడ్డ! నా దీపానికి పోపు పెట్టిందెవరే?"

జవాబు చెప్పేలోపే అందరం దగ్గుకుంటూ వీధిలో పడ్డాం. నేను అత్తమ్మ కాళ్లు పట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మొక్కు తప్పినట్టేనా? ఆయనకేమన్న అయితే?"

మామయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

"నీకేం ఫికరే! దవాఖానల బతికించినోడు ఇంట్ల పొగబెట్టి సంపుతడా? ఇంత గట్టిగ దగ్గుతాన్నంటే పానం మంచిగున్నట్టే!"

అత్తమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

మరుసటి శుక్రవారం కొత్త నెయ్యితో మొక్కు తీరింది. ఆ దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: ఫ్రిజ్‌లో తెల్లగా ఏది కనిపించినా, అత్తమ్మ చెప్పనిదే అది పెరుగని కూడా నమ్మను.