ఎర్ర ఇంజను మట్టిరంగయిన చలికాలం

ఆ రోజు మా రైల్వే గేటు దాటి వెళ్లింది ఎర్ర ఇంజను. నడుం చుట్టూ మీగడ రంగు పట్టీ, ముందు భాగాన ఇంజన్లు బాగుచేసే షెడ్డు వాళ్లు దిద్దిన చిన్న గుర్రం బొమ్మ. దాన్ని చూసి మా నాన్న, "ఈ మట్టిరంగు ఇంజను కొత్తగా ఏసేరేటే? ఎప్పుడూ సూణ్ణేదు" అన్నాడు.

వేళాకోళం ఆడుతున్నాడనుకుని నవ్వాను. నాన్న నవ్వలేదు. పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకుని, దూరమవుతున్న చివరి పెట్టె వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

నాన్న రైల్వేలో గేటుమేను. నౌపడకి కాస్త అవతల, ఉప్పుమడుల మధ్య నుంచి పోయే పెద్ద లైను మీద ఆయన గేటు. స్టేషను నుంచి ఫోను రాగానే గేటు వేసి, బండి వెళ్తున్నంతసేపూ పచ్చ జెండా పట్టుకుని నిలబడాలి. బండిలో ఎక్కడైనా పొగ కనిపించినా, ఏదైనా ఊడి వేలాడుతున్నా ఎర్ర జెండా చూపించాలి. చిన్నప్పటి నుంచి ఆయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్లేదాన్ని నేనే. ఆయన తినేలోగా వచ్చే బండి ఇంజను ఏ రంగో ముందే చెప్పుకోవడం మా ఇద్దరి ఆట. తీగలు ఒణికే తీరుని బట్టి, కూత బట్టి చెప్పేవాడు. నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని.

నాన్నకి ఇంజన్ల నెంబర్లు గుర్తుండేవి కావు. రంగులు గుర్తుండేవి. తన చిన్నతనంలో నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలుకి నల్ల ఇంజను ఉండేదట. ముందు దూలం ఒక్కటే ఎరుపు. వాళ్ల నాన్న భుజమ్మీద కూర్చుని ఆ ఎరుపు కోసమే చూసేవాణ్ణని చెప్పేవాడు. తర్వాత పసుపు గీత ఉన్న ఇటుకరంగు డీజిళ్లు వచ్చాయి. పెద్ద లైనుకి కరెంటు తీగలు వేశాక గూడ్సులకి మొదట ముదురెరుపు ఇంజన్లు, పోనుపోను పసుపు పట్టీ ఉన్న పచ్చవి. ఎక్స్‌ప్రెస్సులకి ఎర్ర పట్టీ ఉన్న తెల్లవి. మా లైను వేరే రైల్వే జోన్‌లోకి మారినప్పుడు ఇంజన్ల పక్కన రాసిన అక్షరాలు మారాయి. కొన్నాళ్లు పాత అక్షరాలు కొత్త రంగు అడుగు నుంచి, మానిన పుండు మచ్చల్లాగా, ఉబ్బెత్తుగా కనిపించేవి. ఏ షెడ్డు వాళ్లు చేత్తో బొమ్మలు దిద్దుతారో, ఏ షెడ్డు వాళ్లు స్టిక్కర్లతో సరిపెడతారో కూడా ఆయన ఇట్టే చెప్పేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకి ప్రకటనలు అంటించిన ఇంజన్లు రావడం మొదలైంది. ఒళ్లంతా సిమెంటు బస్తాలో, టీ పొడి పొట్లాలో. నాన్నకి అవి నచ్చేవి కావు. "ముసుగేసుకున్న మనిషి ఎదురొచ్చినట్టున్నాది" అనేవాడు.

ఎర్ర ఇంజనుని మట్టిరంగన్న ఆ చలికాలం నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతున్నాను. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్న తిరిగి వెళ్లేదాన్ని. నాన్నకి అప్పటికి కొన్ని నెలలుగా టీబీ. దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు కూడా పట్టాడు, కానీ మందులు ఇంకా మింగాలి. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. గేటు గదిలో షిఫ్టులవారీగా పనిచేసే మరో ఇద్దరికి కూడా చెప్పలేదు. ఒకే మంచం, ఒకే నీళ్ల కుండ. తెలిస్తే ఆ గదిలోకి రానివ్వరని ఆయన భయం. మాత్రలు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఉప్పుమడుల వైపు నడిచి వెళ్లి వేసుకునేవాడు.

మట్టిరంగు మాట విన్న రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు. మరుసటి వారం వచ్చినప్పుడు, ఏమీ ఎరగనట్టు నా ఫోనులో తీసిన ఫొటోలు చూపించాను. ఒకే రకం ఇంజన్లు రెండు. ఒకటి పాత ముదురెరుపు, రెండోది పచ్చ.

"ఏది బాగుంది నాన్నా?"

ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టుకుని చూశాడు. "రెండూ ఒకటే కదేటి. ఒకే ఫొటో రెండుసార్లు తీసేవేటే?"

పొయ్యి దగ్గరున్న మా అమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. కాసేపటికి గూడ్సు బండి వెళ్లిన చప్పుడు వినిపించింది. ఆ గేటు దగ్గర ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు, నాన్న కాదు, అని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది.

తర్వాతి శనివారం బస్సు దిగి నేరుగా గేటుకే వెళ్లాను. నాన్న ట్రాలీ ఆటోలు ఆపడానికి రోడ్డు మీద ఉన్నాడు. గదిలో జెండాలు మూలకి ఆనించి ఉన్నాయి. ఎర్ర జెండా కర్రకి పిడి దగ్గర, బొటనవేలు ఆనే చోట, కత్తితో చెక్కిన చిన్న గాటు ఉంది. కొత్త గాటు. లోపలి తెల్లటి కర్ర ఇంకా నలగలేదు. పచ్చ జెండా కర్ర నున్నగా ఉంది.

ఆ గాటు మీద వేలు పెట్టి చూసినప్పుడు కలిగిన భయం నాకు ఇప్పటికీ గుర్తే. అంటే ఆయనకి తెలుసు. తెలిసి, తడుముకుంటూ బళ్లు పంపిస్తున్నాడు. రాత్రి డ్యూటీల్లో లాంతరు మీట ఎటు తిప్పితే ఏ రంగో చేతికి అలవాటే. పగలు ఈ గాటు.

బండి వెళ్లి, గేటు ఎత్తి లోపలికొచ్చాక అడిగాను. "నాన్నా, ఎన్నాళ్ల నుంచి?"

మొదట కోప్పడ్డాడు. "ఏటి ఎన్నాళ్లు? పెద్ద సదువులు సదువుతున్నావని నా కళ్లు పరీచ్చ సేస్తావేటే?" నేను ఎర్ర జెండా కర్ర ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలు దానంతట అదే గాటు మీదకి వెళ్లింది. అప్పుడు మంచం మీద కూలబడ్డాడు.

"దసరా ముందు నుంచే గుంటా. ముందు కొంచెం తేడా కనబడీది, ఇప్పుడు అన్నీ మడి మట్టిలాగే కనబడతన్నాయి. మందులైపోతే అదే సర్దుకుంటాదనుకున్నాను. ఇప్పుడు సెప్తే టీబీ సంగతీ బయటపడతాది. ఈ గదిలో నాకింక నీళ్లిచ్చేవోడు ఉంటాడేటి?"

"బళ్లలో జనం ఉంటారు నాన్నా."

"నాకు తెల్దేటే? బండొస్తంటే నాకు సెమటలు పోస్తన్నాయి. ఏటీ అవకుండా ఎల్లిపోవాలని దేవుణ్ణి మొక్కుతున్నాను."

ఆ సాయంత్రం అమ్మ ముందు మాటిచ్చాడు. ఆదివారం ఒక్క డ్యూటీ చేసి, సోమవారం నాతో శ్రీకాకుళం కంటి డాక్టరు దగ్గరికి వచ్చి, ఆ తర్వాత పై వాళ్లకి తనే చెప్పేస్తానన్నాడు. ఆదివారం కూడా వెళ్లొద్దని అమ్మ బతిమాలింది. "బదులు రాడానికి మనిషెవుడూ నేడు. ఒక్క రోజు. గుంట నాతోపాటు ఉంటాది" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నేను ఆయనతో వెళ్లాను. గాలి లేదు. ఉప్పుమడుల్లో నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసినాయన అప్పటికే స్నానం చేసి సైకిలెక్కుతూ, "పాత జెండాలు సిరిగిపోనాయి బావా, టేసను నుంచి కొత్తవి తెచ్చి పెట్టేను" అని కేకేసి వెళ్లిపోయాడు. బావ అనడం వరసకే. మంచి మనిషి. నాన్న మూలకి వెళ్లి రెండు కర్రలూ తీసి పిడి దగ్గర తడిమాడు. రెండూ నున్నగా ఉన్నాయి.

"ఇది ఎరుపు, ఇది పచ్చ" అని నేను చెప్పి, ఎర్రది కుడి చేతికి, పచ్చది ఎడమ చేతికి ఇచ్చాను. గాటు పెడదామంటే కత్తి ఇంటి దగ్గరుంది. పొద్దుటి బళ్లన్నీ అలాగే పంపించాం. నేను వెనక నిలబడి, ప్రతిసారీ జెండా చూసుకునేదాన్ని.

మధ్యాహ్నం బొగ్గు గూడ్సు వచ్చింది. పచ్చ ఇంజను, పసుపు పట్టీ. నాన్న ఎడమ చేతిలో పచ్చ జెండా చాపి నిలబడ్డాడు. ఇంజను దాటాక మా వైపు గేటు దగ్గర ఒక మోటారుసైకిలాయన అడ్డగడ కింద నుంచి దూరబోతుంటే, నాన్న చాపిన జెండా కర్రకి గబగబా చుట్టి, రెండు జెండాలూ ఒకే చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో అతన్ని వెనక్కి తోశాడు. అదే క్షణంలో నాకు వాసన వచ్చింది. కాలిన ఇనుము వాసన. వ్యాగన్ల మధ్య ఒకదాని చక్రం దగ్గర పొగ, అందులో నిప్పురవ్వలు.

"నాన్నా, పొగ! ఎర్ర జెండా!"

ఆయనా చూశాడు. ఒక జెండా లాగి, విప్పి, పట్టాల పక్కనే పరిగెడుతూ, వెనక నుంచి వస్తున్న గార్డు పెట్టె వైపు పిచ్చిగా ఊపాడు. అది పచ్చ జెండా. చివరి పెట్టె గుమ్మంలో నిలబడ్డ గార్డు తన పచ్చ జెండా తీసి, రివాజుగా, తిరిగి ఊపాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. నాన్న ఆగి, తన చేతిలో ఉన్నదాని వైపు చూశాడు. ఎంత చూసినా లాభం లేదు. రెండూ నా వైపు చాపాడు. "ఏదే? ఏదో సెప్పే!"

ఎర్రది లాక్కుని నేను పరిగెత్తాను. గార్డు పెట్టె అప్పటికే నన్ను దాటుతోంది. ఆయన నన్ను చూశాడు, జెండాని చూశాడు, గబుక్కున బ్రేకు వెయ్యడానికి లోపలికి వెళ్లాడు. కొంత దూరం పోయాక బండి మూలుగుతూ, ఒక్కో వ్యాగనూ ముందుదాన్ని గుద్దుకుంటూ ఆగింది.

నాన్న ఫోను దగ్గరికి పరిగెత్తి స్టేషనుకి చెప్పాడు. పక్క లైన్లో రావలసిన ఎక్స్‌ప్రెస్సుని అక్కడే ఆపేశారు. గార్డు, డ్రైవర్లు మంటలార్పే డబ్బాలు, ఇసుక పట్టుకుని వ్యాగను దగ్గరికి వెళ్లారు. చాలాసేపటికి గార్డు నడుచుకుంటూ గేటుకి వచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి. "ఇరుసు ఎర్రగా కాలిపోయింది. ఇంకొంచెం దూరం వెళ్లి ఉంటే విరిగి వ్యాగను పక్క లైను మీద పడేది" అన్నాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగబోయి ఆగాడు. "ముందు పచ్చ చూపించావు. తర్వాత ఈ అమ్మాయి ఎరుపు చూపించింది. ఏమిటది?"

కంగారులో చెయ్యి తడబడిందని ఒక్క మాట అంటే సరిపోయేది. బండి ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు.

"నాకు ఎరుపుకీ పచ్చకీ తేడా తెల్డం నేదు సార్" అన్నాడు నాన్న. "శానా రోజులై. నాకు టీబీ ఉన్నాది. ఆ కుండలో నీళ్లు తాగొద్దు. మా అమ్మాయి సీసా ఇస్తాది."

గార్డు కుండ వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. నా సీసా తీసుకుని తాగాడు. స్టేషనుకి ఫోను చేసి, గేటుకి వేరే మనిషిని పంపమన్నాడు. ఆ మనిషి వచ్చేదాకా పక్క లైన్లో రెండు బళ్లు వెళ్లాయి. జెండా గార్డే పట్టుకున్నాడు. నాన్న గది గోడకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

సోమవారం శ్రీకాకుళంలో కంటి డాక్టరమ్మ పరీక్ష చేసింది. చుక్కల్లో దాగిన అంకెలున్న పుస్తకం తెరిచి ఏమి కనపడుతోందని అడిగితే, నాన్న పేజీ తర్వాత పేజీ "ఏటీ నేదమ్మా" అంటూ పోయాడు. నాకు ప్రతి పేజీలోనూ అంకె కనపడుతోంది. టీబీ మాత్రల్లో ఒకటి కొద్దిమందికి కంటి నరాన్ని దెబ్బ తీస్తుందనీ, ముందు పోయేది ఎరుపు, పచ్చ తేడాయేననీ ఆవిడ చెప్పింది. "మందు మొదలుపెట్టినప్పుడు, చూపులో తేడా వస్తే వెంటనే రమ్మని చెప్పలేదా?" అంది.

"సెప్పేరు" అన్నాడు నాన్న.

ఆ ఒక్క మాత్రా ఆపించారు. మిగతా మందులు వాడితే టీబీ పూర్తిగా నయమైంది. రంగులు మెల్లగా తిరిగొచ్చాయి కానీ అన్నీ రాలేదు. ఎండలో ఎరుపు తెలుస్తుంది, మబ్బు పడితే పోతుంది. రైల్వే వైద్య పరీక్షలో గేటు పనికి పనికిరాడని తేల్చి, సామాన్ల గదిలో పని ఇచ్చారు. సుత్తులు, స్పానర్లు, బోల్టులు. గేటు గదిలో వాళ్లు ఎంత చీదరించుకుంటారోనని భయపడ్డాం గానీ, జెండాలు మార్చినాయనే రెండో రోజు చేపలు పట్టుకుని ఇంటికొచ్చాడు. "నాతో ఒక్క ముక్క సెప్పలేపోనావేటి బావా" అని ఏడ్చాడు. మా అందరికీ పరీక్షలు చేయించారు. ఎవరికీ అంటలేదు.

నాన్న మాత్రం ఆ గేటు వైపు మళ్లీ వెళ్లలేదు. టెక్కలి వెళ్లాలన్నా చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు బండి చప్పుడు వినిపిస్తే, చేస్తున్న పని ఆపేసి, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి అడిగాను, ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఇంకా ఎందుకు భయపడతావని.

"అవనేదని నీకు తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు. "దసరా నుంచి ఆ ఆదివారం దాకా ఎన్ని బళ్లు పంపించీసేనే! ఏ పెట్టెలో ఎవులు పడుకున్నారో. ఆ గాటు పెట్టీదాకా నా సేతిలో ఏ జెండా ఉన్నాదో నాకే తెల్దు. బండెల్లిపోయేక సల్లగా ఊపిరి పీల్చుకునీవోణ్ణి. మళ్లీ ఫోను మోగీది."

అంతలో అమ్మ అన్నానికి పిలిచింది. ఆయన లేచి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.