శంకరయ్య గారు అడిగిన జలపాతం

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారు. ఊరి వెనక గుట్ట, దాని మీది జలపాతం మావే. పైకి వెళ్లే దారికి గేటు ఉండేది. ఈ ఆదివారం జర్మనీలోని స్వాబియన్ ఆల్బ్ కొండల్లో ఒంటరిగా నడుస్తూ ఒక జూనిపర్ పొద కాయను వేళ్లతో నలిపాను. ఆ ఘాటు వాసనకు శంకరయ్య గారు గుర్తొచ్చారు.

జిండెల్ఫింగెన్‌లో ఆఫీసులో నా మొదటి టీమ్ లీడ్ ఆయన. మా పక్క ఊరివారు. వాళ్ల నాన్న మా గుట్ట కింద గొర్రెలు కాసేవారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. భార్య పోయిన ఆయనా, ఎవరితోనూ కలవని నేనూ ఆదివారాలు ఈ కొండలకు వచ్చేవాళ్లం. బస్సు రోజుకు రెండుసార్లే వచ్చే చోట్లు. చల్లటి గుహలు, గొర్రెలు మేసే బయళ్లు, నేల అడుగు నుంచి ఉబికే నీలి ఊట, అన్నీ ఆయన చూపించినవే. దారిలో ఎదురైనవారిని ఆయనే ముందు “గ్రూస్ గాట్” అని పలకరించేవారు. నేను అవతలివారు పలికేదాకా ఆగేవాణ్ణి.

“దొరవారికి నోరు నొస్తదా?”

“మా ఇంట్లో అలవాటు లేదండి.”

“ఈ గుట్టలు ఎవ్వని ఇంటియి గావు. నోరు తెరువు.”

ఒకసారి ఊట గట్టున కూర్చుని అడిగారు. “మీ జలపాతం సప్పుడు ఇన్న గని కండ్లజూడలే. గేటు కాడ్నే మా నాయిన ఆపేటోడు. డిసెంబర్ల లీవ్ ఓకే అయింది. పోయి సూడొచ్చా?”

అప్పటికే ఆ గుట్ట క్వారీవాళ్ల చేతిలో ఉంది. ఆ సంగతి దాచి, “మా మనిషికి చెబుతాను, గేటు తీస్తాడు” అన్నాను.

ఆయన వెళ్లి వచ్చారు. జనవరిలో మంచు తొక్కుతూ నడుస్తున్నాం. ఊళ్లో పెళ్లి గురించి, జొన్నరొట్టెల గురించి చెప్పారు. జలపాతం దగ్గర ఇప్పుడు గేటు లేదు, నీళ్లు లేవు, గుట్టలో సగం లేదని నాకు తెలుసు. ఆయన అదంతా చూసే వచ్చారని తెలిసీ ఎత్తిపొడుపు కోసం ఎదురుచూశాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

“చూశారా?”

ఆయన సంచిలోంచి సకినాలు తీసి నా చేతిలో పెట్టారు. “గేటు తీసే ఉండె. మీ మనిషి మర్యాదస్తుడు.”

ఆ వేసవిలోనే ఆయన పోయారు. నిజం చెప్పడానికి నాకు ఇరవై ఆదివారాలైనా దొరికాయి. ఇప్పుడు ఈ దారిలో ముందు పలకరించేది నేనే. చాలాసార్లు ఎదురొచ్చేవారే ఉండరు.

గుట్టనూ, దాని కింద గొర్రెలు మేసిన నేలనూ అమ్మిన కాగితం మీద సంతకం నాది.