భూషణమన్న ఇరవైమూడు చావులు

భూషణమన్నకు ఒకటే జబ్బు. ఎక్కడైనా, దేనికైనా ఆయనే ముందుండాలి.

నాచారంలోని ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆయన సేఫ్టీ ఇన్‌స్పెక్టరు, నేను ఆఫీసు గుమాస్తాను. క్యాంటీన్లో పెరుగు గిన్నె వచ్చిందంటే చాలు, వందమంది క్యూను చీల్చుకుంటూ వచ్చేవాడు. "జర జరుగున్రి, ముందు నేను" అని గరిటెడు పెరుగు నోట్లో వేసుకున్నాకే ఎవరికైనా దారి. ఒకసారి అలా తిని, ఈ పెరుగు ఎవరూ ముట్టొద్దని గిన్నె వెనక్కి పంపించేశాడు. తను తిన్నాడు, మాకు లేకుండా చేశాడు. ఆ తర్వాత రెండు రోజులు సెలవు కూడా పెట్టాడు. మేం వారం రోజులు తిట్టుకున్నాం.

బోడుప్పల్‌లో వాళ్ళింట్లోనూ ఇదే వరస. కొత్త కుక్కర్ కొంటే, మూడు విజిళ్ళు వచ్చేదాకా లక్ష్మీనర్సమ్మ వదినను వంటింటి గడప తొక్కనివ్వలేదట. చిల్కానగర్‌లో మా చెల్లెలి రిసెప్షన్‌కు పిలిస్తే, పెళ్ళికొడుకు కంటే ముందు వేదికెక్కి, వధూవరులకు వేసిన ఎర్ర కుర్చీలో దర్జాగా కూలబడ్డాడు. కుర్చీ కాలు విరిగి, అన్న వెల్లకిలా పడ్డాడు. ఇప్పటికీ మా మేనత్త ఆయన పేరెత్తితే ముఖం తిప్పుకుంటుంది.

తొంభై అయిదులో మా ఆఫీసుకు రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటికి ఏసీ గది కట్టించారు. చెప్పులు బయట విప్పాలి. పూజారి వచ్చి తెరలకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కుడికాలు లోపల పెట్టబోతున్న మేనేజరును పక్కకు జరిపి మరీ మొదట లోపలికి దూరింది ఎవరో చెప్పనక్కర్లేదు.

మాకందరికీ అది వేడుకే గాని, టైపిస్టు రాజ్యం గారికి ప్రాణసంకటం. ఆవిడది కాకినాడ. పద్దెనిమిదేళ్ళుగా మా ఉత్తరాలన్నీ ఆవిడ చేతిమీదుగానే వెళ్ళేవి. ఒక్క తప్పు దొర్లేది కాదు. ఇప్పుడు టైపు మిషన్లు తీసేస్తున్నారు. నెలాఖరు పరీక్షలో నెగ్గితే కంప్యూటరు ముందు సీటు, లేకపోతే చర్లపల్లి గోడౌనుకు బదిలీ అని ఆర్డరు వచ్చింది.

మొదటి రోజు క్లాసులో ఆవిడ భయపడుతూ ఒక కీ నొక్కారు. టప్పున తెర ఆరిపోయింది. నిజానికి నాచారం మొత్తానికి కరెంటు పోయింది. కానీ ఆ చీకట్లో ఒక వెధవ, "రాజ్యం గారు లక్ష రూపాయల మిషన్ని ఆర్పేశారు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ వెధవ నేనే. ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. ఆ రోజు నుంచి రాజ్యం గారు క్లాసుకు వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నెలాఖరుకు ఇంక పదిరోజులే ఉంది.

క్లాసు చెప్పే కుర్రవాడు బుచ్చిబాబుది హబ్సిగూడ. మా చేతుల బెరుకు పోగొట్టడానికి నాలుగు ఫ్లాపీల్లో ఒక ఆట తెచ్చాడు. అప్పటికే పాతబడిపోయిన ఆట. ఎక్కడో గ్రహం మీద పాడుబడ్డ కర్మాగారం. చేతిలో తుపాకీతో సందుల్లో తిరుగుతూ రాక్షసుల్ని కాల్చాలి. మధ్యాహ్నం అన్నాలు తిని అందరం గదిలో గుమిగూడాం. వెనక నుంచి గొంతు వినబడింది. "జర జరుగున్రి, ముందు నేను."

భూషణమన్న ఆడుతుంటే నవ్వలేక మా పొట్టలు నొప్పి పుట్టాయి. రాక్షసుడు ఎదురొస్తే కాల్చడు. ఆ మెట్లకు రెయిలింగ్ ఏదని, ఈ పీపాకు లేబుల్ ఏదని అడుగుతాడు. పచ్చటి యాసిడ్ మడుగు కనబడగానే బుచ్చిబాబు అందులో దిగొద్దన్నాడు.

"దిగితే ఏమైతది?"

"చచ్చిపోతారు సార్."

"సూద్దాం" అని దిగాడు. చచ్చాడు. లేబుల్ లేని పీపాను కాల్చాడు. అది పేలి మళ్ళీ చచ్చాడు. మేం పైకి లెక్కపెడుతున్నాం. చచ్చిన ప్రతిసారీ, "సచ్చిన. కంప్యూటర్ మంచిగనే ఉన్నది" అని, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చదివినట్టు గట్టిగా చెప్పేవాడు. ఇరవైమూడో చావు దగ్గర రెండు చేతులతో కీలన్నీ ఎడాపెడా నొక్కేశాడు. తెర బిగుసుకుపోయింది.

రాజ్యం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మూడు కీలు ఒకేసారి నొక్కితే సరిపోతుందని బుచ్చిబాబు అన్నాడు. భూషణమన్న తన లావు వేళ్ళు చాపి, మూడో కీ అందడం లేదని నాలుగుసార్లు అవస్థపడ్డాడు.

"రాజ్యమమ్మా, నేనైతే ఖరాబ్ జేసిన. జర నువ్వు నొక్కు తల్లీ. మా అందర్ల టైపు చేతులు నీయే."

ఆవిడ ముందుకు వచ్చి, కళ్ళు మూసుకుని మూడు కీలు నొక్కారు. కంప్యూటరు కుయ్యిమని మళ్ళీ లేచింది. రాజ్యం గారు కళ్ళు తెరిచి, ఎవరూ అడగకుండానే కుర్చీలో కూర్చున్నారు.

ఇక చూడాలి. ఆవిడ కీల వంక చూడనే చూడరు. నడుం నిటారుగా పెట్టి, చూపు తెర మీదే నిలిపి, ఆఫీసు ఉత్తరం టైపు చేసినంత నెమ్మదిగా రాక్షసుల్ని వరసపెట్టి పడగొట్టారు. ఆటలో రెండు అంకాలు దాటేసరికి డ్యూటీ సైరన్ మోగింది. నెలాఖరు పరీక్షలో ఆవిడే ఫస్టు వచ్చారు. గోడౌను ఆర్డరు చించేశారు.

ఆట ఆడిన రోజు సాయంత్రమే బస్టాపులో నేను బుచ్చిబాబుతో, భూషణమన్నంత మొద్దు ఆటగాణ్ణి నువ్వెక్కడా చూసి ఉండవన్నాను. అతను తెల్లబోయాడు. అంతకుముందు మూడు రోజులు అన్న డ్యూటీకి గంట ముందే వచ్చి అతని దగ్గర ఆట నేర్చుకున్నాడట. మూడో రోజుకు చావకుండా అయిదు అంకాలు దాటాడట. ఆ తర్వాత అడిగాడట, మిషన్ పాడవకుండా తెర బిగుసుకుపోవాలంటే ఏం నొక్కాలని.

పెరుగు గిన్నె, ఎర్ర కుర్చీ, కుక్కరు వరసగా కళ్ళముందు తిరిగాయి. మర్నాడు అన్నను పట్టుకుని, ఈ సంగతి రాజ్యం గారికి చెప్తానన్నాను.

"చెప్పకు తమ్మీ. చెప్తే నేను నేర్పినట్టైతది. ఇప్పుడామె సొంతంగ నేర్చుకున్నది. గట్లనే ఉండనీ."

ఇంతలో ఏసీ గదిలోంచి రాజ్యం గారు తల బయటపెట్టి, "భూషణం గారూ, రండి. మీకు నేను నేర్పిస్తాను, చాలా తేలిక" అని పిలిచారు.

అన్న బుద్ధిగా చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఒక్క నిమిషంలో చచ్చాడు. అయ్యో, ఏమన్నా ఖరాబైందా అని అమాయకంగా ఆవిడ వంక చూశాడు.

"భయపడకండి" అన్నారు రాజ్యం గారు, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "ఏదీ పాడవదు. మళ్ళీ నొక్కండి."