రాయికొక ముచ్చట

1941 జనవరి 12, ఆదివారం, ఉదయం ఐదున్నర. పొగమంచు దట్టంగా ఉన్నది. చేవెళ్ల నుంచి మొయినాబాదు దాకా ఆగకుండా పరుగెత్తాలని మా అన్నా, నేనూ అంతకు ముందటి ఏడాది సాధన మొదలుపెట్టాము. మాట్లాడనిదే ఆయనకు కాలు సాగదు. మాటల్లో పడి మైళ్ల లెక్క తప్పితే నాకు ఊపిరి నిలవదు. చివరికి ఆయనే నా స్వభావానికి తగిన పద్ధతి పెట్టాడు.

"నడుమల నేను నోరు తెరువ తమ్మీ. మైలురాయి రాంగనే ఒక్క ముచ్చట చెప్త, జర నవ్వు, చాలు."

అట్లా ఏడో రాయి వరకు చేరగలిగాము. ఆ వానకాలమే చలిజ్వరంతో అన్న పోయాడు.

ఆ ఆదివారం ఒంటరిగా బయలుదేరాను. ప్రతి రాయి దగ్గరా అలవాటు చొప్పున చెవి ఒగ్గాను. మొయినాబాదు వచ్చేదాకా ఆగలేదు. దాటిన రాళ్లు పది. విన్న ముచ్చట ఒక్కటీ లేదు.