సందు లేని కోళ్లగూడు

మా బావ చేసిన తలుపులో సందు ఉందని ఎవరైనా అంటే ఆ పూట ఆయన భోజనం ముట్టడు. ముప్పై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేస్తున్న వడ్రంగి. వీధిలో అందరూ ఆయన్ని సందులేనాయన అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే, ఆయన మాత్రం బిరుదులా మోశాడు. తలుపు బిగించాక లోపల కొవ్వొత్తి వెలిగించి, బయటనుంచి ఎవరిచేతనైనా అట్టముక్కతో విసిరిస్తాడు. జ్వాల కాస్త వణికిందా, ఆ తలుపు మళ్లీ ఊడదీయాల్సిందే. చేయించుకున్నవాడు చాలు మహాప్రభో అన్నా వినడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అలాంటి మనిషికి కోళ్లగూడు పని అప్పజెప్పింది నేనే, కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి. నేను ఆయన మరదల్ని. వాళ్లింట్లోనే మేడ మీద గదిలో ఉంటాను. బడిపిల్లల బట్టలు కుడతాను. నోరు కొంచెం ఎక్కువని పేరు.

మా అక్క ఇరవై రెండేళ్లు రొట్టెల బట్టీలో పిండి కలిపింది. ఆ పిండి రోజూ కాస్త కాస్త గాల్లో లేచి ఆవిడ ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక బట్టీ గడప తొక్కొద్దన్నాడు. ఆ రోజు మంచమెక్కిన అక్క మరి దిగలేదు. లేవమంటే, "లేచి ఏం చెయ్యాలే?" అనేది. రెండు నెలలు అలాగే గడిచాయి.

చివరికి నేను సంతకెళ్లి ఐదు కోడిపెట్టల్ని తెచ్చి పెరట్లో వదిలాను. "నీ మొగుడికీ నాకూ వీటిని చూసే తీరిక లేదు. చచ్చాయంటే ఆ పాపం నీదే" అని చెప్పి మేడెక్కేశాను. మర్నాడు పొద్దున చూస్తే అక్క చెప్పులేసుకుని పెరట్లో నిలబడి ఉంది. వారం తిరిగేసరికి వాటితో మాట్లాడుతోంది. తెల్లగా బొద్దుగా ఉన్నదానికి దొరసాని అని పేరు పెట్టింది. అది పక్కవాటి గింజలు లాక్కుంటుంటే, "నీ పొట్ట పగలా, ఎంత తింటావే" అని తిట్టేది. అక్క నోట తిట్టు విని ఎంతకాలమైందో. ఆ తిట్లు మేడ మీదికి వినబడితే కుట్టుమిషను ఆపేసి ఏడ్చాను. మాకు కావలసింది గుడ్లు కాదు. ఆ కోళ్లు ఉన్నన్నాళ్లు అక్క పొద్దున లేస్తుంది, అంతే.

చలి ముదరకముందే బావ గూడు కట్టాడు. మోకాలెత్తు కాళ్లు, మనిషి వంగి దూరేంత తలుపు, కోళ్లు ఎక్కి కూర్చోవడానికి అడ్డకర్ర, పక్కన గుడ్లు పెట్టడానికి పెట్టె, కింద జానెడు మందాన రంపపు పొట్టు. పలకకు పలక గాడి కోసి బిగించాడు. అతుకుల్లో లప్పం కూరాడు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, తాళం కూడా పెట్టాడు. అంతా అయ్యాక తానే లోపల దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని కొవ్వొత్తి వెలిగించాడు. నేను చెయ్యి నొప్పి పుట్టేదాకా బయట విసిరాను.

"కదల్లేదు మరదలా" అని లోపలనుంచి కేకేశాడు.

"అయితే నువ్వే పొదుగు బావా, బాగా కుదిరావు" అన్నాను. అక్క పడీపడీ నవ్వింది.

ఆ ఏడు చలి ఎవరినీ వదల్లేదు. పెరట్లో తొట్టి నీళ్లు తెల్లారేసరికి మంచు పలక కట్టేవి. కోళ్లను బయటికి వదలడం మానేశాం. అక్కే చెంబుతో ఆ పలక పగలగొట్టి, వేడినీళ్లు కలిపి, గూట్లో దూరి గిన్నె నింపి గుడ్లు తీసుకొచ్చేది. పది రోజులయ్యాక దగ్గుతూ బయటికి రావడం మొదలైంది. కళ్ల నిండా నీళ్లు.

"లోపల ఊపిరాడట్లేదండీ. ఏదో ఘాటు. కోళ్లకి కూడా ఆడట్లేదేమో" అంది బావతో.

బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఇంట్లో ఒక రోగి ఉంటే మిగతావాళ్లకు ఇలాంటి చూపులు అలవాటైపోతాయి.

"అది నీ ఊపిరితిత్తుల గొడవే, గూటిది కాదు. ఇక నువ్వు లోపలికెళ్లకు, మరదలు చూసుకుంటుంది" అన్నాడు బావ.

"కాదండీ, బయటికొస్తే బాగానే ఉంటోంది. లోపలే..."

"చెప్పింది వినవే అక్కా" అన్నాను నేను. గూటి తాళంచెవి ఆవిడ చేతిలోంచి తీసుకున్నదీ నేనే. ఇవ్వనని గట్టిగా పట్టుకుంటే వేళ్లు విడదీసి మరీ తీసుకున్నాను.

మరి నేను లోపలికి వెళ్లలేదా అంటే వెళ్లాను. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, చెయ్యి చాపి, దొరికిన గుడ్లు పట్టుకుని వచ్చేసేదాన్ని. కోళ్లగూడు కంపు కొట్టక అత్తరు వాసనేస్తుందా అనుకున్నాను. కప్పు లోపలివైపు నీటిబొట్లు వేలాడుతుంటే, కప్పు కారుతోందేమో చూడమన్నాను. నా కప్పు కారడమా అని బావ మొహం మాడ్చుకుని, నిచ్చెన వేసుకుని దానికి ఇంకో పూత లప్పం పెట్టాడు.

మొదట నల్ల పెట్ట నెత్తి మీది ఎర్రజుట్టు కొసలు మాడినట్టయ్యాయి. తర్వాత అది ఓ మూల ముడుచుకుని, నోరు తెరిచి గురగురమంటూ రెండు రోజులుండి చచ్చిపోయింది. చలి ఎక్కడినుంచో దూరుతోందన్నాడు బావ. గూడు చుట్టూ గోనెపట్టాలు కట్టాడు. ఇంకోటి పోయింది. నా కుట్టుపని పీలికలన్నీ పట్టుకెళ్లి అడుగు పలకల్లో కుక్కాడు. మూడోదీ పోయింది. సాయంత్రం పని నుంచి రాగానే కొవ్వొత్తి పట్టుకుని, లేని సందు కోసం గూడు చుట్టూ తిరిగేవాడు. ఆయన్ని చూస్తే జాలేసేది. ఏం చెయ్యాలో నాకూ తెలిసేది కాదు. రోజూ గింజలు మార్చాను, నీళ్లలో మందు కలిపాను. అవి మా కళ్లముందే ఒక్కొక్కటిగా పోతున్నాయి.

అక్క కిటికీ దగ్గర కూర్చునేది. "కాసేపు ఆ తలుపు తీసి ఉంచండి" అనేది. అలాగేలే అనేవాళ్లం, తీసేవాళ్లం కాదు. మూడోది పోయాక అడగడం మానేసింది.

ఆ వారంలోనే దాణా కొట్టావిడ బస్తా దింపడానికి వచ్చింది. కోళ్లు ఏవమ్మా అంటూ నాచేత గూటి తాళం తీయించి లోపల తలపెట్టింది. పెట్టినంతసేపు పట్టలేదు, కళ్లు తుడుచుకుంటూ వెనక్కొచ్చేసింది.

"ఎవరయ్యా ఇది కట్టింది?"

"నేనే" అన్నాడు బావ. అప్పటికీ గొంతులో కాస్త గర్వం ఉంది.

"ఈ మాత్రం చలికి కోడి చావదయ్యా, ఈకలున్నాయి దానికి. వాటి ఊపిరిలో తడి, రెట్టలో ఘాటు, ఇవన్నీ పోవడానికి పైన దారేదీ? ఆ తడికే జుట్టు నల్లబడేది. ఆ ఘాటుకే రొమ్ము పట్టేసేది. ఒక్క క్షణానికే నాకు కళ్లు మండిపోయాయి. మీ ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదా?"

కిటికీ తెరిచే ఉంది. అక్క అన్నీ వింటోంది.

ఆ మధ్యాహ్నం బావ పనికి వెళ్లలేదు. కప్పు కింద రెండు వైపులా బెత్తెడు వెడల్పున రంపంతో కోసి వల కొట్టాడు. గోనెపట్టాలు పీకేశాడు. అడుగున తడిసి ముద్దైన పొట్టును ఇద్దరం పారతో ఎత్తిపోశాం. ఆ ఘాటుకు ఇద్దరం దగ్గాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మిగిలిన రెండింట్లో ఒకటి మూడో రోజున పోయింది. దొరసాని ఒక్కతే నిలబడింది. సగం జుట్టు రాలిపోయినా గింజలు తినసాగింది.

దాణా కొట్టావిడ వచ్చిన రోజు మంచమెక్కిన అక్క మళ్లీ దిగలేదు. నాలుగో రోజు బావ వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్కసారి లేచి రా. లోపల గాలి సరిపోయిందో లేదో నాకు తెలియట్లేదు. నువ్వే చూసి చెప్పాలి."

"నన్నడుగుతారేంటండీ. నాది రోగం కదా."

"తప్పయిపోయింది" అన్నాడు బావ. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. "దొరసాని ఉందింకా. బాగానే తింటోంది."

అక్క మెల్లిగా, "దాన్ని ఆ దాణా కొట్టావిడకి ఇచ్చెయ్యండి. ఆవిడ చెబితే వింటారుగా" అంది.

"అక్కా, నామీద కోపముంటే నన్ను నాలుగు తిట్టు" అన్నాను.

"నిన్నెందుకు తిట్టడమే. వెళ్లి పని చూసుకో" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునైనా బతిమాలుకునేదాన్ని.