మా బాబాయి తాగని మంచినీళ్ళు

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడుగుతాడు. తాగడు.

గ్లాసు చేతికి రాగానే చొక్కా జేబులోంచి ఒక గాజు గొట్టం, ఒక ఎర్ర మందు సీసా తీస్తాడు. గొట్టంలో కాసిని నీళ్ళు పోసి, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటాడు. నీళ్ళు గులాబీ రంగులోనే ఉండిపోతే ఫ్లోరైడ్ తక్కువున్నట్టు. పసుపులోకి తిరిగితే ఎక్కువున్నట్టు; ఒకటిన్నర దాటితే తాగకూడదు. ఆ తరవాత తీర్పు చెబుతాడు. అది ఆ ఇంటివాళ్ళకే కాదు, నాలుగిళ్ళ అవతలికీ వినిపిస్తుంది.

"పాయింట్ ఆరు! నిక్షేపంగా తాగండి!"

నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. "ఈయన్ని ఇంటికి పంపించి వాళ్ళు సుఖపడ్డారు" అంటుంది పిన్ని. వీధిలో అందరూ ఆయన్ని చుక్కల మాస్టారు అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం కూడాను.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళాడు. డాక్టరు పని ముగించి, "పుక్కిలించండి" అని గ్లాసు అందించాడు. మత్తుకు చెంప మొద్దుబారి, నాలుక తిరగని స్థితిలో కూడా బాబాయి చెయ్యి జేబులోకే వెళ్ళింది.

"ఏంటండీ అది?" అన్నాడు డాక్టరు.

"ఊ... ఊఊ... ఊ" అన్నాడు బాబాయి.

"మీ నీళ్ళు ఎలా ఉన్నాయో చూస్తున్నారు" అని నేను తర్జుమా చేశాను.

నీళ్ళు గులాబీగానే ఉన్నాయి. డాక్టరు మొహం మాత్రం ఎర్రబడింది. బయట కూర్చున్న పేషెంట్లలో ఇద్దరు అప్పటికే లేచి వెళ్ళిపోయారు.

ఇంకోసారి మా మేనేజరు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పక్కిల్లే కాబట్టి బాబాయి కూడా వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోకుండా, "సార్, ఒకసారి నవ్వండి" అన్నాడు. పదకొండేళ్ళలో మా ఆఫీసులో ఎవరూ ఆయన్ని కోరని కోరిక అది. కంగారులో ఆయన నవ్వేశాడు. బాబాయి వంగి చూశాడు.

"పై పళ్ళమీద తెల్లటి గీతలు. మీరు చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగారు. అవునా?"

నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. కానీ మేనేజరు ఆశ్చర్యపోయి, "మా అమ్మమ్మగారింట్లో బోరేనండీ! మీకెలా తెలుసు?" అన్నాడు. తరవాత రెండు గంటలపాటు వాళ్ళ అమ్మమ్మ గురించి చెబుతూనే ఉన్నాడు. నేను గుండెలమీద చెయ్యేసుకుని భోంచేశాను.

ఎవరైనా పొరపాటున "మేం కాచి తాగుతామండీ" అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదుగా చావడానికి! నీళ్ళు ఆవిరైపోతాయి, అది మాత్రం గిన్నెలోనే కూర్చుంటుంది. మీరు దాన్ని ఇంకా చిక్కగా చేసి తాగుతున్నారు!"

కిందటేడు ఉన్నట్టుండి ఈ పిచ్చి ముదిరింది. ఒక్క నెలలో వీధిలోని ముప్పై రెండు ఇళ్ళలో ముప్పై ఒకటి చుట్టేశాడు. మా ఇంటి నీళ్ళయితే పంతొమ్మిదిసార్లు చూశాడు. వదిలేసింది ఒక్క ఇల్లు, మూలమీద దర్జీ అక్కయ్యది.

ఆ పెరట్లో బోరు ఉంది. చనిపోయిన ఆమె భర్త, పెద్దకూతురు పుట్టినప్పుడు వేయించినది. కుళాయిలు ఎండిపోయిన రోజుల్లో సగం వీధి ఆ నీళ్ళతోనే గట్టెక్కింది, ఆమె ఎవర్నీ కాదనలేదు. కానీ ఆమె పెద్దకూతురి ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. పదహారేళ్ళ పిల్ల, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడదు. "సరిగ్గా తోముకోదేమో" అని వీధిలో అనని ఆడవాళ్ళు లేరు. చిన్నదానికి ఇంకా మూడేళ్ళు. పాలపళ్ళు ఊడాక రావలసిన పళ్ళు ఆ వయసులోనే చిగుళ్ళ లోపల తయారవుతుంటాయని బాబాయి ఉపన్యాసాలు విని విని నాకే తెలిసిపోయింది. అదీ ఆ బోరు నీళ్ళే తాగుతోంది.

నాకు ఒళ్ళు మండింది. "అందరి నీళ్ళూ చూస్తావు. చూడాల్సిన చోట చూడవేం బాబాయ్? ఆవిడ చేతిలో కత్తెరంటే భయమా?"

"భయమే" అన్నాడు. అని, మా ఇంటి నీళ్ళు ఇరవయ్యోసారి తెమ్మన్నాడు. పిరికివాడు అనుకున్నాను.

ఆ తరవాతి ఆదివారం పొద్దున్న బాబాయి వాళ్ళ వరండాలో ఉన్నాం. దర్జీ అక్కయ్య మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసింది. ఒక చేతిలో చెంబు, చంకలో చిన్నది, వెనకాల పెద్దది. ఆ వెనక, ఏం జరుగుతుందో చూద్దామని నలుగురైదుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు.

"అన్నయ్యగారూ, అందరిళ్ళలోనూ నీళ్ళు చూశారు. మావి నీళ్ళు కావా? నెలరోజులుగా మిషను పక్కన గ్లాసు పెట్టుకుని కూర్చుంటున్నాను. మా గుమ్మం ముందునుంచే పోతారు, లోపలికి రారు. మీకు మేమేం తక్కువ చేశాం?"

"తప్పయిపోయిందమ్మా, ఇలా ఇవ్వు" అన్నాడు బాబాయి.

చుక్కలు పడ్డాయి. నీళ్ళు చూస్తుండగానే పసుపుపచ్చగా తిరిగిపోయాయి. అందరం నాలుగు ఇళ్ళ అవతలికి వినిపించే కేక కోసం ఎదురుచూశాం.

"మూడున్నర" అన్నాడు మామూలు గొంతుతో. తరవాత పెద్దపిల్ల వైపు తిరిగాడు. "అమ్మడూ, రోజుకెన్నిసార్లు పళ్ళు తోముతావు?"

"నాలుగుసార్లు" అంది చెయ్యి తియ్యకుండానే.

"రక్తం వస్తుందా?"

తలూపింది. అప్పుడు లేచింది బాబాయి అసలు గొంతు.

"విన్నారా అందరూ? నాలుగుసార్లు! ఈ వీధిలో ఇంత శుభ్రమైన పిల్ల ఇంకొకతి లేదు! ఇది మురికి కాదు. పన్ను లోపల తయారవుతున్నప్పుడే నీళ్ళవల్ల పడ్డ మచ్చ. తోమితే పోదు. పళ్ళ డాక్టరు చాలావరకు తగ్గిస్తాడు, నేనే తీసుకెళ్తాను. ఇంకెవరైనా తోముకోమని సలహా ఇచ్చారో, వాళ్ళని నా దగ్గరికి పంపించు!"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దర్జీ అక్కయ్య చంకలో పిల్లని గట్టిగా పట్టుకుంది.

"మరి దీనికో అన్నయ్యగారూ?"

"దానికి ఇంకా టైముందమ్మా. ఇవాళ్టినుంచి తాగడానికీ వంటకీ వీధి చివర కుళాయి నీళ్ళు పట్టుకో. అవి చెరువు నీళ్ళు, పాయింట్ నాలుగు. బోరు నీళ్ళు బట్టలకీ గిన్నెలకీ వాడుకో."

"ఆయన మా కోసం వేయించిందండీ అది."

"నీళ్ళు పడాలనే వేయించాడు, పడ్డాయి. అడుగున రాతిలో ఏముందో ఆయనకెలా తెలుస్తుంది చెల్లెమ్మా?"

ఆమె టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట మొదటిరోజే వచ్చి చెప్పచ్చుగా!"

"వరసలో వస్తున్నానమ్మా" అన్నాడు బాబాయి.

వాళ్ళు వెళ్ళిపోయాక పిన్ని నిలదీసింది. "వరసా? వీళ్ళ నీళ్ళు ఇరవైసార్లు చూడ్డం ఏం వరసండీ?"

బాబాయి గొంతు తగ్గించాడు. "రెండు నెలల కిందట ఆ పెద్దపిల్ల పళ్ళు ఒక్కసారి కనిపించాయి. సంగతి అప్పుడే అర్థమైంది. తిన్నగా వాళ్ళింటికే వెళ్తే ఏమవుతుంది? ఫలానావాళ్ళ నీళ్ళు చెడ్డవని అంటారు. ఇంతకాలం వీధికి నీళ్ళు పోసిన మనిషి తలదించుకోవాలి. ఇప్పుడు ఏడిళ్ళలో పసుపొచ్చింది. వాళ్ళది ఎనిమిదోది, అంతే. నాకు పిచ్చి ముదిరిందని వీధి నమ్మాలంటే ఎక్కడో ఓ చోట ఇరవైసార్లు చూడాలి కదా. వీడయితే ఏమీ అనుకోడు."

నేను అనుకున్నాను. పిరికివాడనే అనుకున్నాను. సిగ్గేసింది. ఆయన్ని చూస్తే ముద్దు కూడా వచ్చింది.

"సరే, పనైపోయిందిగా. రేపట్నుంచి ఇంకెవరింటికీ వెళ్ళకండి" అంది పిన్ని.

"అదెలా కుదురుతుందే? రేపే మానేస్తే ఇదంతా తన కోసమే చేశానని ఆవిడకి తెలిసిపోదూ?"

"అయితే ఇంకా ఎన్నాళ్ళండీ?"

బాబాయి కాసేపు లెక్కేసుకున్నాడు. "ఓ రెండేళ్ళు చాలు" అన్నాడు తాపీగా.

పిన్ని తల పట్టుకుని, నవ్వు ఆపుకోలేక అక్కడే మెట్లమీద కూర్చుండిపోయింది.