మెయిన్ తీసిన తర్వాత

ఉదయగిరిలో మా ఇంటికి పెద్ద టీవీ కొనే ముందు నేను చూసుకున్నవి ఇవి: గోడ బరువు మోస్తుందా, మంచానికీ గోడకూ మధ్య దూరం చాలుతుందా, వెనక గాలి ఆడేందుకు ఎంత సందు వదలాలి, స్టెబిలైజర్ ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటునుంచి పడుతుంది. ఆఖరుదాని కోసమే కిటికీ లేని నడిమింటి గోడ ఎంచుకున్నాను. అద్దం మీద వెలుగు పడితే బొమ్మ సరిగా కనబడదు. మా నడిమింట్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. టీవీకి అంతకంటే మంచి చోటు లేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఆత్మకూరులో టీవీలు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పెద్ద టీవీల్లో చాలావాటిని చెడగొట్టింది తడిగుడ్డే. అద్దం మీది నీళ్లు జారి కింది అంచులోకి దిగితే పానెల్ పోయినట్టే. అందుకే టీవీ బిగించిన రోజే అవ్వకు గట్టిగా చెప్పాను, అద్దానికి తడి చెయ్యి తగలనివ్వొద్దని. అవ్వ మా నాయన తల్లి. శుక్రవారం ఇల్లు కడగడం, గడపకు పసుపు రాయడం, బీరువాకూ ఫ్రిజ్జుకూ కుట్టుమిషనుకూ తుడిచి బొట్టు పెట్టడం ఆమె పని. కొత్తగా వచ్చిన వస్తువును ఒక్కదాన్నే వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

“అద్దం ముట్టుకోనులేరా. ఎనకాల రేకు ఉండాది గదా, దానికి పెడతా,” అంది.

వెనక రేకుకు కాస్త తడి తగిలినా టీవీకి ఏమీ కాదు. సరేనన్నాను. నేను ఆలోచించింది టీవీ గురించే.

ఒక శుక్రవారం పొద్దున షాపులో ఎవరిదో పానెల్ విప్పి బల్లమీద పడుకోబెట్టి ఉండగా నాయన ఫోన్ చేశాడు. గొర్రెలకు నట్టల మందు అయిపోయింది, వచ్చేటప్పుడు తెమ్మన్నాడు. పెట్టేయబోతూ, గుర్తొచ్చినట్టు ఇంకో మాట చెప్పాడు.

“పోయిన వారం ఆ టీవీ రేకు తుడస్తుంటే అవ్వకి చెయ్యి జిల్లుమనిందంటరా. గాలి లేస్తే కొడతాదంట, లేకుంటే లేదంట. గాలికీ దానికీ ఏంది సంబంధమని నేను నవ్వినా.”

నేనూ నవ్వాను. మెయిన్ తీసెయ్ నాయనా, సాయంత్రం వచ్చి చూస్తాను అన్నాను. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మెయిన్ దించాడు. అవ్వతో అనడం నాకు వినబడింది: “మెయిన్ తీసేసినా మా. ఇంక భయం ల్యా. తుడుచుకో.” గొర్రెలు తోలుకుపోతున్నానని చెప్పి పెట్టేశాడు.

మళ్లీ స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. షాపు ముందు ఎండకు కట్టిన పట్ట టపటపా కొట్టుకుంటోంది. పడమటి గాలి రోజులు. ఆ చప్పుడు వింటూ ఉండగా ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. ఇంట్లో వైరింగ్ గోడలో ఉంది, గాలికి కదలదు. స్టెబిలైజర్ కదలదు. కదిలేది బయట ఉన్నదే. బయటినుంచి టీవీకి వచ్చేవి రెండే: కరెంటు, కేబుల్. మా వీధిలో కేబుల్‌కు వేరే ఆధారం లేదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు వైరుకే దాన్నీ కలిపి కట్టేస్తారు. ప్రతి ఇంటికీ అంతే, ఎవరూ తప్పనుకోరు. గాలికి రెండూ రాసుకుని తొడుగులు అరిగిపోతే కరెంటు కేబుల్‌లోకి ఎక్కుతుంది. అందులోంచి సెట్‌టాప్ బాక్సుకు, బాక్సులోంచి టీవీ వెనక రేకుకు. ఆ దారిలో మా మెయిన్ ఎక్కడా లేదు.

మెయిన్ తీసినా రేకులో కరెంటు ఉంటుంది. నేను తీయించింది అవ్వ భయాన్ని మాత్రమే.

అవ్వకు ఫోన్ లేదు. నాయన కొండ కిందికి గొర్రెలు తోలితే సిగ్నల్ అందదు. పక్కింటి అత్త ఎత్తింది గానీ ఆమె ఉపాధి పనికి పోయి చెరువులో ఉంది. ఎవరికన్నా చెప్పి పంపిస్తానంది. కేబుల్ అతను ఎత్తలేదు. కరెంటు ఆఫీసులో ఎవరూ పలకలేదు. విప్పిన పానెల్ అట్లాగే వదిలేసి బండి తీశాను.

ఏఎస్ పేటలో దర్గాకు వచ్చిపోయే ఆటోల మధ్య ఇరుక్కుని హారన్ మీద నుంచి వేలు తీయలేదు. దుత్తలూరు దాటాక ఎదురుగాలి బండిని వెనక్కి నెట్టింది. అది మొహాన కొట్టిన ప్రతిసారీ మా వీధిలో తీగలు ఊగడం కనబడింది. కడిగిన బండలు. చెప్పుల్లేని కాళ్లు. పిండిన గుడ్డ. పసుపు తడి వేళ్లు. వీటిలో ఒక్కటైనా లేకపోయే వీలుందా అని వెతికాను. దొరకలేదు. కరెంటున్న రేకును పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి, వదిలించుకోవాలనుకున్నా వదలవు. అది చదువుకున్న సంగతే. అవ్వ వేళ్లతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

గడప మీద పసుపు ఇంకా ఆరలేదు. పిలిచాను. పలకలేదు. నడిమిల్లు చీకటిగా ఉంది. బకెట్ కాలికి తగిలింది. ఫోన్‌లో లైటు వేయాలి, వేయలేకపోయాను. వేస్తే టీవీ కింద నేల కనబడుతుంది. చివరికి వేశాను. గోడవారగా గుడ్డ ఒక్కటే ఉంది.

“ఎవుర్రా అది, కడిగిన ఇంట్లోకి చెప్పులేసుకోని వచ్చేది?”

అవ్వ పెరటి గుమ్మంలో వెలుతురుకు కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను గోడకు ఆనుకుని, టీవీ తుడిచావా అవ్వా అని అడిగాను.

“యాడ తుడిసేది? మీ నాయన మెయిన్ తీసి పాయ. ఆ చీకట్లో నాకేం కనపడతాది? అద్దానికి తడి తగిలితే నువ్వు మళ్లా ఎగురుతావు. నువ్వొచ్చి లైటేస్తే చేద్దామని గుడ్డ ఆడే పెట్టినా.”

మెయిన్ దించే ఉంది, రెండుసార్లు చూశాను. టెస్టర్ తెచ్చి రేకుకు ఆనించాను. వెలగలేదు. అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. మిద్దె మీద గాలి లేచిన చప్పుడైంది, టెస్టర్‌లో ఎర్రగా వెలిగింది. గాలి తగ్గింది, ఆరిపోయింది. అవ్వ నా వెనక వచ్చి నిలబడి చూస్తోంది.

“కరెంటు తీసేసినామంటిరి గదరా,” అంది మెల్లగా.

ఆమెను పెరట్లోకి పొమ్మని, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లయరుతో కేబుల్‌ను బయటి గోడ దగ్గరే కత్తిరించాను. ఒక్క నొక్కుకు తెగలేదు, మళ్లీ నొక్కాను. తెగాక పైకి చూశాను. కేబుల్ మా ఇంటితో ఆగలేదు. అదే తీగ స్తంభం నుంచి పక్కింటికి, అక్కడినుంచి ఆ అవతలి ఇంటికి, గాలికి ఊగుతూ పోతూ ఉంది. వీధి పొడుగునా గడపలు తడిగా, పచ్చగా ఉన్నాయి.

పక్కింటి అత్త ఇంటికి తాళం ఉంది. ఆ అవతలి ఇంట్లో నేల కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. అటు పరుగెత్తాను.